పదోవంతు నొప్పి

6వ రోజు

నొప్పి లేదని చెప్పే పిల్లను నమ్మాలా, వద్దా? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలలేదు. అప్పుడు నేను కొత్త డాక్టర్ని. ఆరేళ్ల పిల్లవాడొకడు "లేదు మేడం, బాగుంది" అన్నాడు. నమ్మాను, మందు పెంచలేదు. అలా అంటే ఇంటికి పంపిస్తారని అనుకున్నాడట. ఆ మాట వాడు పోయాక వాళ్లమ్మ చెప్పింది.

జంటపట్టీలు వచ్చాక ఆ ప్రశ్న తీరిపోయిందనుకున్నాను. పిల్ల మణికట్టుకు ఒకటి, డాక్టరు మణికట్టుకు ఒకటి. డాక్టరు తన పట్టీ మీట నొక్కి రెండింటినీ కలిపితే పిల్లకున్న నొప్పిలో పదోవంతు, ఏ చోట ఉందో ఆ చోటుతో సహా, డాక్టరు ఒంట్లోకి వస్తుంది. ఇక పిల్లల్ని అడగనక్కర్లేదు. నిజానికి అడగకూడదు కూడా. మా పాఠ్యపుస్తకంలో మొదటి సూత్రం అదే. రోజుకు పదిసార్లు అడిగితే ఏ జవాబుకు ఏ సూది వస్తుందో పిల్లలు కనిపెట్టేస్తారని ఆ పుస్తకం రాసిన కమిటీలో గట్టిగా వాదించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

పొద్దున్నే పట్టీలను సొరంగం నోటి దగ్గర ఎండలో పరిచాను. అవి ఆ ఎండతోనే నడుస్తాయి. పదింటికల్లా తెచ్చేసుకుని తడి గోనెపట్టాలు దించాలి. ఆపైన సాయంత్రం ఐదు దాకా ఎండమూత, బయట ఎవరూ తిరగరు. ఒకప్పుడు రైళ్లు నడిచిన ఈ ముప్ఫై నాలుగో సొరంగమే ఇప్పుడు మా ఆసుపత్రి. బాగుపడి వెళ్లే పిల్లలు ఇక్కడికి రారు. బాగుపడని పిల్లలకు నొప్పి లేకుండా చూడటం మా పని. ఆ పని డాక్టర్లకు నేర్పడం నా పని.

ముప్ఫై రోజుల శిక్షణకు ఈసారి ముగ్గురొచ్చారు. వాళ్లలో చిన్నవాడు తవిటినాయుడు, ఇరవై ఎనిమిదేళ్లు. తెలివైనవాడు. అతని మొహంలో మాత్రం ఏదీ దాగదు. ఈరోజు అతని మొదటి జంటగంట. నూకరత్నం అనే తొమ్మిదేళ్ల పిల్ల పక్కన కూర్చుని పట్టీ కలిపాడు. ఆ పిల్లకు ఎడమ తొడ ఎముకలో గడ్డ. రెండు నిమిషాలకే అతని కళ్లు నిండిపోయాయి.

"నొప్పెడతందేటి డాట్రుబాబూ?" అంది రత్నం.

"లేదమ్మా."

"మరి కళ్లంట నీలేటి?"

"చెమట."

"సెమట కళ్లలోంచి వొత్తాదేటి?"

పక్కనే నేలమీద కూర్చున్న నాయనమ్మ అప్పలనరసమ్మ కసిరింది. "ఊరుకోయే గుంటా. డాట్రుబాబుని అలగనొచ్చా."

గంట అయ్యాక అతను నా దగ్గరికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఇది పదోవంతేనా మేడం?" అన్నాడు. చార్టులో నొప్పి పదికి ఎనిమిది అని రాశాడు. పూటకు పన్నెండు చుక్కల మందు ఖాయం చేశాం.

8వ రోజు

మళ్లీ ఎనిమిది. గంటసేపూ రత్నం అతని మొహం వంకే చూసింది. ఏదో పాఠం కంఠతా పడుతున్నట్టు చూసింది. ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగిందట. ఎవరూ లేరని ఇతను చెప్పాడట. పిల్లలతో ఉన్నమాట చెప్పాలని నేనే నేర్పాను కదా, తప్పు పట్టడానికి లేదు.

11వ రోజు

ఈరోజు ఆరు. తవిటినాయుడు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"చోటు మారింది మేడం. తొడలో అసలు లేదు. రెండు మోకాళ్లలోకీ దిగింది. పొడిచినట్టు కాదు, మొద్దుగా ఉంది. కూర్చోగా కూర్చోగా కాస్త సర్దుకుంటోంది."

"మెడలో గానీ ఏమైనా?"

"ఆ, కొంచెం పట్టేసినట్టు. మందు పనిచేస్తోందంటారా?"

మందు పట్టినప్పుడు నొప్పి పరుచుకుని పలచబడుతుందని మేమే చెబుతాం. ఔనన్నాను. పన్నెండు చుక్కలను ఎనిమిది చేస్తూ అతను రాశాడు, నేను సంతకం పెట్టాను. చాలాకాలానికి ఒక కాగితం మీద సంతోషంగా సంతకం పెట్టాను.

14వ రోజు

నాలుగు. చుక్కలు ఆరుకు దించాం.

సిస్టర్ మార్తమ్మ ఈ ఆసుపత్రిలో నాకంటే పాతది. పట్టీలు ఎండలో పరుస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"రత్నం గవ్వలాట మానేసింది మేడం."

"అలిసిపోయి ఉంటుంది."

"అలిసిపోతే దుప్పటి కొరుక్కుంటారా? రండి, చూపిస్తాను."

దుప్పటి అంచు బెత్తెడు మేర నమిలి ఉంది. పోగులు ఊడి, తడిగా. నేను అది చూశాను, చార్టూ చూశాను. చార్టులో నాలుగు. "రేపు చూద్దాం సిస్టర్" అన్నాను. ఆమె దుప్పటి అంచును లోపలికి మడిచి వెళ్లిపోయింది.

పట్టీ అబద్ధం చెప్పదు. పొద్దుట్నుంచీ ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో. నిజంగా నమ్మినదాన్ని ఇన్నిసార్లు అనుకోవాలా?

17వ రోజు

మూడు. చుక్కలు ఐదు చేయమంటారా అని తవిటినాయుడు అడిగితే, ఆగమన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను. నొచ్చుకున్నాడు.

ఎండమూత వేళంతా రత్నం మంచం దగ్గర కూర్చున్నాను. పిల్ల వెల్లకిలా పడుకుని కప్పువైపు చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి. ఎడమ కాలి బొటనవేలు లోపలికి ముడుచుకుని ఉంది. నేను కూర్చున్న రెండు గంటల్లో అది ఒక్కసారి కూడా విప్పుకోలేదు.

"ఏం లెక్కపెడుతున్నావమ్మా?"

"ఇటికలు."

"ఎన్నయ్యాయి?"

"నాలుగొందలు. మద్దిలో తప్పిపోతన్నాను. మళ్లీ మొదట్నించి."

నొప్పిగా ఉందా అని అడగాలనిపించింది. మాట నోటిదాకా వచ్చింది. సూత్రం రాసినదాన్నే సూత్రం తప్పడం ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. నేను అడిగి, పిల్ల లేదంటే ఏం చేయను? ఇరవై ఏళ్ల కిందటి చోటుకే మళ్లీ వచ్చి నిలబడతాను.

అడగలేదు.

18వ రోజు

బోధించేవాళ్లు పట్టీ కట్టుకోవడం మా దగ్గర ఆనవాయితీ కాదు. నేను కట్టుకుని తొమ్మిదేళ్లయింది. ఈ పొద్దున తవిటినాయుణ్ని మందుల గదిలోకి పనిమీద పంపించి, చేతులు రెండుసార్లు కడుక్కుని, రత్నం పక్కన కూర్చుని కలిపాను. భయపడ్డానని రాసుకోవడానికి సిగ్గుపడను.

ముందు మోకాళ్లు. అతను చెప్పినట్టే, మొద్దుగా. తర్వాత మెడ వెనక ఒక పట్టు. ఆపైన నడుం.

ఈ నొప్పి నాకు తెలుసు. మెట్లు దిగేటప్పుడు నా మోకాళ్లలో ఉండేది ఇదే. కాకపోతే ఇది నాకంటే పాతిక ఏళ్లు పెద్దది. మెడలో ఉన్నది ఏళ్ల తరబడి తల మీద బరువు మోసిన మనిషి మెడలో ఉండే పట్టు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇది రావడానికి వీల్లేదు. ఇరవై ఎనిమిదేళ్ల డాక్టరుకు ఇది తెలియడానికీ వీల్లేదు.

అప్పలనరసమ్మ వైపు చూశాను. సముద్రం ముందుకొచ్చి వాళ్ల ఊరు పోయేదాకా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది, కుడి చెయ్యి పిల్ల దుప్పటి కింద ఉంది. దుప్పటి ఎత్తాను. పట్టీ ఆమె మణికట్టుకు ఉంది. పట్టీకి వెచ్చటి చర్మం తెలుస్తుంది గానీ అది ఎవరి చర్మమో తెలియదు.

"నానేటి సేసేను తల్లీ" అంది ఆమె తల దించుకుని. "గుంట ఒకటే పోరు. ఆ బాబు ఎలిపోగానే మళ్లీ దాని సేతికి ఎట్టేత్తన్నాను."

"మామ్మనేటీ అనకండి మేడంగారూ" అంది రత్నం. "నానే ఎట్టుకోమన్నాను."

"ఎందుకమ్మా?"

"ఆ బాబుకి నొప్పెడతంది కదా. ఇంటికాడ సూసుకోడానికి ఎవులూ నేరంట. నాకెలాగూ ఉంటాది. ఇద్దరికీ ఎందుకు?"

"మందు తగ్గిపోతుందని తెలీదా?"

"తెలుసు. ఇటికలు లెక్కెట్టుకుంటన్నాను కదా."

అప్పుడు అడిగాను. పట్టీలు వచ్చాక మొదటిసారి ఒక పిల్లను అడిగాను. "ఎంత నొప్పి తల్లీ?"

ఆశ్చర్యంగా చూసింది. "కాల్లో ఎవులో కూకున్నారు. తలుపు తీయమని గుద్దుతన్నారు. ఆగట్నేదు."

పద్నాలుగు చుక్కలు నా చేత్తోనే నాలుక కింద వేశాను. నలభై నిమిషాలకు బొటనవేలు విప్పుకుంది. నిద్రలోకి జారబోతూ నా కొంగు పట్టుకుంది.

"డాట్రుబాబుకి సెప్పకండి. సెబితే ఏడుత్తాడు. మరి రాడు."

"చెప్పనులే."

"ఒట్టెయ్యండి."

అరచేతిలో చెయ్యేశాను. ఏడు రోజులు ఈ పిల్లను సగం మందుతో పడుకోబెట్టాం. ఆ కాగితాలన్నిటి మీదా రెండు సంతకాలున్నాయి. ఒట్టు వేసేటప్పుడు నేను ఎవర్ని కాపాడుతున్నాను?

19వ రోజు

పట్టీలన్నీ చెడిపోయాయని, బాగుకు పంపాలని ముగ్గురికీ చెప్పాను. అన్నిటినీ పెట్టెలో పెట్టి బీరువాలో దాచాను. అవి నిక్షేపంగా ఉన్నాయి.

"మరి నొప్పి ఎంతుందో తెలిసేదెలా మేడం?" అన్నాడు తవిటినాయుడు.

"అడగండి."

"అడగడం మాకెవరూ నేర్పలేదు కదా."

నిజమే. వెళ్లి మంచం పక్కన నిలబడి, కాలు మార్చి కాలు మీద బరువు వేసి, "ఎలా... ఎలా ఉందమ్మా?" అన్నాడు. కొత్త చుట్టాన్ని పలకరిస్తున్నట్టుంది. రత్నానికి నవ్వొచ్చింది.

"ఇవిగో ఆరు గవ్వలు. ఎంత నొప్పుంటే అన్ని నీ సేతిలో ఎడతాను. నువ్వు మాత్రం మొకం ఎలగో ఎట్టకూడదు."

"పెట్టను."

నాలుగు పెట్టింది.

"సూసినావా, ఎట్టేసినావు."

"లేదే."

"ఎట్టినావు. మామ్మా, ఎట్టినాడు కదేటి?"

"కాకరకాయ తిన్నట్టు ఎట్టినాడు" అంది అప్పలనరసమ్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మందు మళ్లీ పన్నెండు చేశాం.

23వ రోజు

రెండు గవ్వలు. జావ తాగింది. గవ్వలాటలో మోసం చేసిందని నాయనమ్మతో గట్టిగా దెబ్బలాడింది. దుప్పటి అంచులు రోజూ మార్తమ్మ తడిమి చూస్తోంది. పొడిగా ఉన్నాయంది. నేనూ చూశాను. ఆమె చూశాక మళ్లీ నేను చూడటం ఆమెకు నచ్చలేదు.

27వ రోజు

శిక్షణ ముగింపు కోసం తవిటినాయుడు తన కేసు పత్రం తెచ్చిచ్చాడు. రత్నం గురించే. చక్కటి దస్తూరీ, రోజువారీ గీతలు. పత్రం పేరు: తొడ నుంచి మోకాళ్లకు దిగే నొప్పి, ఒక కొత్త దశ.

పదకొండో రోజు నుంచి పదిహేడో రోజు దాకా జంటగంట వల్ల నొప్పి తగ్గిందట. పట్టీలు చెడిపోయి జంటగంట ఆగిపోగానే మళ్లీ తొడలోకి ఎగబాకిందట. కాబట్టి రోజుకు గంట చాలదు, రెండు గంటలు చేయాలట.

"నన్ను వేసిన యాభై ఒకటో సొరంగంలో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలున్నారు మేడం, డాక్టరు నేనొక్కణ్నే" అన్నాడు. "ఎల్లుండి కాక ఆ మర్నాడే ప్రయాణం. ఈలోగా పట్టీలు బాగై వస్తే వెళ్లిన రోజే మొదలుపెడతాను. మీరు సంతకం పెడితే దీన్ని పాఠంలో కూడా చేర్చొచ్చు."

మోకాళ్ల నొప్పి కనిపిస్తే మందు తగ్గించాలని అతను నేర్చుకున్నాడు. నేర్పింది నేను. నోరు మూసుకుని కూర్చుని నేర్పాను.

28వ రోజు

చెప్పేశాను. పొద్దున్నే సొరంగం నోటి దగ్గర, పాత రైలుపట్టాల మీద కూర్చోబెట్టి, మొదట్నుంచీ చివరిదాకా. ఒట్టు సంగతి కూడా చెప్పాను.

పట్టాల మధ్య కంకర వంక చూస్తూ, "ఏడు రోజులు" అన్నాడు. తర్వాత, "నొప్పులున్న ముసలివాళ్ల దగ్గర నేనెప్పుడూ పెరగలేదు మేడం. నాకు తెలియలేదు" అన్నాడు.

"నాకు తెలిసుండాలి. ఆరోజు మెడలో ఏమైనా ఉందా అని అడిగింది నేనే. అడిగి కూడా అనుమానించలేదు."

"మీకు తెలిసి పదిరోజులైంది కదా."

"ఔను."

"పదిరోజులు నాకు చెప్పలేదు."

"చెప్పలేదు."

ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. లేచి, తన వంతు నీళ్లతో మొహం కడుక్కుని తుడుచుకున్నాడు. "నాకు తెలిసినట్టు ఆ పిల్లకు తెలియకూడదు. అంతే కదా మేడం?" అని లోపలికి వెళ్లాడు. గంటసేపు గవ్వలాడాడు. బయట నిలబడి విన్నాను. అతని నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆ నవ్వు మొదలైన చోటే ఆగి, మళ్లీ అదే కొలతలో మొదలవుతోంది.

వెళ్లేటప్పుడు ఐదు గవ్వలని రాశాడు. రెండు ఉన్నది ఐదైంది. చుక్కలు పద్నాలుగుకు పెంచాడు.

29వ రోజు

"సెప్పేసినారు కదా మేడంగారూ" అంది రత్నం, నేను దగ్గరికి వెళ్లగానే.

అబద్ధం చెప్పలేదు. "ఎవరన్నారమ్మా?"

"ఎవులూ అననేదు. నిన్న ఐదు గవ్వలెట్టినాను. ఆయన మొకం ఏటీ అవనేదు. నవ్వుతానే ఉన్నాడు."

"ఊరికే పరీక్షకి పెట్టావా? నిజంగానే ఐదా?"

గవ్వల్ని దుప్పటి కిందికి తోసేసింది.

"రత్నం, అది నాకు తెలియాలి తల్లీ. మందు దాన్నిబట్టే కదా."

"ఆ బాబుని మునపటి మొకంతో రమ్మనండి. అప్పుడు సెబుతాను."

గోడ వైపు తిరిగింది. నిన్నటి పద్నాలుగు చుక్కలకు మత్తుగా ఉందా, నొప్పికి అలా ఉందా అన్నది చూసి చెప్పలేను. ఊపిరి లెక్కపెట్టాను, సరిగానే ఉంది. మార్తమ్మను అడిగితే, "రెండూ ఇలాగే ఉంటాయి మేడం" అంది. అప్పలనరసమ్మ కూడా ఈసారి తనకేమీ చెప్పలేదంది. ఆమెను నమ్మాను.

30వ రోజు

పొద్దున తవిటినాయుణ్ని పక్కకు పిలిచాను.

"ఆ మొహం తీసెయ్ నాయుడూ. పిల్ల కనిపెట్టేసింది."

అదే నవ్వు మొహంతో విన్నాడు. తర్వాత అది ఒక్కసారిగా జారిపోయింది. ఆరో రోజు చూసిన కుర్రవాడు కనిపించాడు.

"తీస్తే ఏడుస్తాను మేడం. నేను ఏడిస్తే నాకోసం దాస్తుంది. ఏడవకపోతే నామీద కోపంతో దాస్తుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారు?"

నేను ఇలాంటి పిల్లల వైద్యం నేర్పే మనిషిని. అయినా నాకు తెలియదనే చెప్పాను.

అతను మొహం తుడుచుకోకుండానే లోపలికి వెళ్లాడు. ఈసారి నేను వినడానికి నిలబడలేదు. బయటికొచ్చి, "మూడు" అన్నాడు. మూడుకు సరిపడా పది చుక్కలు రాశాడు. అది నిజం మూడా, అతని తడి కళ్లను చూసి తగ్గించి చెప్పిన మూడా, అడిగితే తనకూ తెలియదన్నాడు. పట్టీలు బీరువాలోనే ఉన్నాయి. పిల్ల నిద్రలో ఉండగా కలిపి చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. దొంగతనంగా తెలుసుకున్నానని తెలిస్తే ఇక నాకూ చెప్పదు. ఆ పిల్లకు మిగిలిన రోజులు నా లెక్కలో పదిహేనుకు మించవు. తెరవలేదు. తెరవకపోవడం తప్పేనేమో.

ఐదింటికి ఎండమూత తీయగానే అతన్ని తీసుకెళ్లే ట్రాలీ బయల్దేరుతుంది. అతని కాగితంలో నేను నింపాల్సిన గడి ఒకటే: ఇతన్ని పిల్లల దగ్గరికి ఒంటరిగా పంపవచ్చా? ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకు వేరే డాక్టరు లేడు కాబట్టి పంపాలి. ఏడు రోజుల తప్పు తెలిసినవాడు కాబట్టి తెలియనివాడికంటే మేలు. అయినా అతను వాళ్ల ముందు ఏ మొహంతో కూర్చోవాలో నేను నేర్పలేదు. నాకే తెలియదు. అవునని రాయాలో కాదని రాయాలో నేనింకా తేల్చుకోలేదు.